మెట్ల కింద లేత్

“గా కర్రల మిషన్ ఇంక దేనికి ఉమా? ఆరు నెలల సంది ముట్టనేలేవు. హనుమండ్లు కొంటనంటుండు, ఇచ్చేద్దాం” అన్నాడు ఓంప్రకాశ్. ఉమారాణి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది, తలెత్తలేదు. పక్కనే కూర్చున్న అత్త దేవవ్వ అందుకుంది. “కుట్టు మిషన్ అట్లనేనాయె, మిద్దె మీది చెట్లు అట్లనేనాయె. కొత్తొక వింత, పాతొక రోత.”

ఆ మాటలో అబద్ధం లేదు, అందుకే గుచ్చుకుంది. రెండేళ్ల కిందట కాలేజీ ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, అత్తకు మందులిచ్చి, మెట్ల కింద కర్రను తిప్పి చెక్కే ఆ చిన్న లేత్ ముందు నిలబడితే చాలు, ఒంట్లో అలసట ఎటు పోయేదో. నేరేడు కర్ర గిర్రున తిరుగుతూ పొట్టు రాలుతుంటే పెదాల మీద పాట దానంతటదే వచ్చేది. ఒక పప్పుగుత్తి చేసింది. అంతే, ఆడబిడ్డకు రెండు, ఆమె తోడికోడలికి ఒకటి, ఆయన ఆఫీసులో పదిమందికి పెన్నుల డబ్బాలు కావాలన్నారు. “ఎట్లైనా ఖాళీగనే ఉంటవు గదా!” అన్నాడాయన. ఆ మాటతో సగం సంబరం చచ్చింది. మిగతా సగం మాత్రం ఎవరూ చంపలేదు, దానంతటదే పోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేక, ఏదో తప్పు చేసినదానిలా లేత్ మీద పాత దుప్పటి కప్పింది.

ఆదివారం వడ్రంగి హనుమండ్లు వచ్చాడు. దుప్పటి తీసి చూసి, పక్కనున్న పొట్టు సంచిలో చెయ్యి పెట్టి, మందంగా చెక్కిన గిన్నె ఒకటి పైకి తీశాడు.

“పని ఇడిసిపెట్టిందంటరేంది సారూ? పచ్చికర్రను ఇట్ల మందంగ తీసి, పొట్టుల పెట్టి ఎండనియ్యాలె. ఎమ్మటే సన్నగ తీస్తే పగులుతది. అక్క పని తెల్సినామె.”

“అట్లనా! ముందే చెప్పొద్దా ఉమా? పని నడుస్తుందంటే ఉండనీ” అన్నాడు ఓంప్రకాశ్.

మంచి సాకే దొరికింది. తలూపితే గండం గడిచినట్టే. ‘అవును’ అని నోటి దాకా వచ్చింది కూడా. అప్పుడు వరండాలో ఆయన ఎక్సర్‌సైజ్ సైకిల్ కనిపించింది. మూడేళ్లుగా దాన్ని తొక్కింది లేదు. దాని మీద ఆమె పొద్దున ఉతికిన లుంగీలు ఆరుతున్నాయి. వారం వారం దాని దుమ్ము తుడిచేదీ ఆమే. అది ఎందుకని ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

“ఆ గిన్నె ఎండి రెండు నెలలాయె, హనుమండ్లన్నా” అంది ఉమారాణి నెమ్మదిగా. “నాకే బుద్ధి పుట్టలే. మళ్ల ఎప్పుడు పుడతదో తెల్వది. అయినా అమ్మను. ఆయన సైకిల్ ఆయనకున్నట్టు, నా మిషన్ నాకుంటది.”

ఆమె గిన్నెను మళ్లీ పొట్టులో పెట్టి, దుప్పటి కప్పి, హనుమండ్లుకు చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. ఆ రోజు లేత్ నడపలేదు. నడపాలనీ అనిపించలేదు. అయినా ప్రాణం హాయిగా ఉంది.