శ్రుతి దిగిన చెవి

గాయక బృందానికి పియానో వాయించే ఆమెను అందరూ 'శ్రుతిపెట్టె' అనేవారు. గిన్నె కింద పడినా అది ఏ స్వరమో ఠక్కున చెప్పేది. అలాంటి మనిషి ఆ ఉదయం ఖాళీ హాల్లో ఎ మైనర్ హార్మోనిక్ స్కేలు అనే స్వరవరుస మొదలుపెట్టి, నిప్పు తగిలినట్టు చేతులు వెనక్కి తీసుకుంది.

వేలు ఎ స్వరం మెట్టు మీదే ఉంది. చెవికి మాత్రం దానికంటే అర స్వరం కిందుండే జి షార్ప్ వినిపించింది.

మళ్లీ వాయించింది. ఆ స్కేలులో ఏడో స్వరమైన జి ని అర స్వరం పెంచి జి షార్ప్ చేస్తారు. వేలు సరిగ్గా ఆ నల్ల మెట్టు మీదే పడింది. చెవి మాత్రం దాని ఎడమ పక్కనున్న తెల్ల మెట్టు అంది. ఆ తెల్ల మెట్టు పేరు జి. చెవికి ఇప్పుడు వినిపిస్తున్న జి షార్ప్ మైనర్ స్కేలులో అయితే దాన్నే ఎఫ్ డబుల్ షార్ప్ అనాలి. మెట్టు ఒకటే, పేర్లు రెండు. పిల్లలకు నవ్విస్తూ చెప్పే పాఠమే అది. ఇప్పుడు ఒళ్లంతా చెమటలు పట్టాయి.

అదే బృందంలో పాడే ఆమె సొంత అక్క అప్పుడే లోపలికి వచ్చింది.

"అక్కా, పియానో శ్రుతి దిగిపోయిందే!"

అక్క శ్రుతి సరిచూసే ట్యూనింగ్ ఫోర్కు మోగించి, ఎ మెట్టు నొక్కింది. రెండూ ఒకటిగా పలికాయి.

"పియానో భేషుగ్గా ఉంది కదే."

చెల్లెలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. వాళ్లమ్మ చివరి రోజుల్లో మతి తప్పి కన్నపిల్లల గొంతులే గుర్తుపట్టలేకపోయింది. ఆ మాట ఇద్దరి నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"మొన్న నీ మూర్ఛ మందు మార్చారు కదా," అంది అక్క. "పద, డాక్టరుగారిని అడుగుదాం."

"బుర్ర పాడైందంటేనో?"

"అంటే అననీ. ఇలా క్షణక్షణం చచ్చేకంటే నయం."

డాక్టరు అంతా విన్నాడు. "ఈ మందుతో కొందరికి స్వరాలు కాస్త దిగి వినిపిస్తాయమ్మా. వేరేది రాస్తాను. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి, మూర్ఛ తిరగబెడుతుంది."

ఆ సాయంత్రమే కచేరీ ఉంది. తన బదులు వాయించేవాళ్లు లేరు. చెవిని నమ్మితే మునిగిపోతుందని తెలిసి, కళ్లు వేళ్ల మీదే పెట్టి కూర్చుంది. మెట్టు నొక్కిన ప్రతిసారీ తప్పు మోగినట్టే వినిపించేది. బృందం పాడుతూనే ఉంది, కాబట్టి తప్పు లేదన్నమాట. పాట అయ్యేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు. ఆమె కళ్లు ఇంకా మెట్ల మీదే ఉన్నాయి. అక్కే వచ్చి చెయ్యి పట్టుకుంది; చెల్లెలి చెయ్యి మంచులా ఉంది.

మందు మారాక చెవి మెల్లగా దారికొచ్చింది. అయినా ఇప్పటికీ పొద్దున్నే పియానో మూత తీసి, మొదటి మెట్టు నొక్కే ముందు ఆమె ఊపిరి బిగబడుతుంది.