కుట్టు కింది ‘కాదు’

మూడో ఫారం మడత పెడుతున్నాను. పెద్ద కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి, ఇంకోసారి సగానికి మడిచి, మడత మీద చెక్కముక్కతో గట్టిగా రుద్దితే పదహారు పేజీలు వరసలో కూర్చుంటాయి. స్టవ్ మీద పాలు ఉన్నాయి. ముందుగదిలో మా ఆయన కటింగ్ మిషన్ చప్పుడు. మూడు వందల పుస్తకాలు, ఒక్కో పుస్తకానికి ఐదు ఫారాలు. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఎన్ని వేల ఫారాలు మడిచానో నాకే తెలియదు. బయట బైండింగ్ షాపు బోర్డు మీద మామయ్యగారి పేరు, దాని కింద ఆయన పేరు ఉంటాయి.

ఈ పుస్తకం ఒక నర్సమ్మ రాసింది. ముప్పై ఏళ్ళు కాన్పుల వార్డులో పనిచేసి రిటైరైంది. కొత్తగా తల్లులైనవాళ్ళకు పంచిపెట్టడానికి సొంత ఖర్చుతో అచ్చు వేయించుకుంటోంది. పోయిన వారం వచ్చి, ఏ బైండింగ్ అయితే బాగుంటుందని ఆయన్ని అడిగింది. చదివే మనిషి ఒళ్ళో బిడ్డ ఉంటుంది కాబట్టి, బల్ల మీద పెడితే పుస్తకం దానంతటది తెరుచుకుని ఉండాలంది. ఆయన పక్క కుట్టు వేద్దామన్నాడు. ఫారాలన్నీ పేర్చి, అంచుకు వేలెడు లోపలగా మిషన్‌తో పైనుంచి కిందికి కుట్టేయడమే. పూటలో అయిపోతుంది, జన్మలో ఊడదు. కానీ ఆ పుస్తకం బల్ల మీద నిలవదు, చెయ్యి తీయగానే మూసుకుంటుంది. ఆ సంగతి ఆయన చెప్పలేదు. ఫారం కుట్టు అని ఇంకోటి ఉంది. ఒక్కో ఫారాన్ని నడిమి మడతలోంచి సూదితో కుట్టి, పక్క ఫారానికి దారం తగిలిస్తూ పోవాలి. పుస్తకం అరచెయ్యి చాపినట్టు తెరుచుకుంటుంది. అత్తయ్య నాకు నేర్పింది. ఆవిడ వేళ్ళు వంకరపోయాక ఇంట్లో అది చేసేది నేనొక్కదాన్నే. అందుకేనేమో ఆయన దాన్ని పని అనడు, ఆడవాళ్ళ కుట్లూ అల్లికలూ అంటాడు.

మా ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాను. కాగితం చేతికొస్తే చదవకుండా ఉండలేను. మొన్న మడత పెడుతూ చూస్తే, ప్రెస్సువాళ్ళు అక్షరాలు పెద్దవి వేసి, లోపలి వైపు జాగా వదలకుండా నింపేశారు. ఒక్కో సూచన ఒక్కో వరుస. ఎడమచేతి పేజీలో వరుస చివర్లన్నీ సరిగ్గా కుట్టు పడేచోటే ఉన్నాయి. ఒక పుస్తకానికి సరిపడా ఫారాలు పేర్చి, కుట్టు వచ్చేచోట క్లిప్పులు పెట్టి తెరిచి చూశాను. ‘బిడ్డకు జ్వరం వస్తే దుప్పట్లు కప్పవద్దు’ అన్నచోట ‘దుప్పట్లు కప్ప’ అని ఉంది. ‘బొడ్డు మీద పొడులు చల్లవద్దు’ అన్నచోట ‘పొడులు చల్ల’. ఆ కింది వరుస చూసి నా చెయ్యి ఆగిపోయింది.

భోజనాల దగ్గర ఆయనకు చెప్పాను. ఆయన నవ్వాడు. కప్పా చల్లా బాగా కుదిరాయన్నాడు. చదివేవాళ్ళకు ఆమాత్రం తెలియదా అన్నాడు. నేను ఆ మూడో వరుస గురించి చెప్పబోయాను.

“నిన్ను చదవమన్నదెవరు? మడత పెట్టమన్నాను.”

వాడు పుట్టినప్పటి నుంచీ బైండింగే చూస్తున్నాడమ్మా, నువ్వు నిన్నగాక మొన్న వచ్చావని అత్తయ్య అందుకుంది. నేను కంచాలు తీశాను.

కంచాలు కడుగుతూ అదే ఆలోచించాను. మన భాషలో కాదూ లేదూ వద్దూ అన్నీ మాట చివరే వస్తాయి. చివరిదాకా వినే ఓపిక లేని మనిషికి అవి చేరవు. నాకు ఇష్టం లేదని చెబితే ఆయన ‘ఇష్టం’ దాకా వింటాడు. ఒంట్లో బాగా లేదంటే ‘బాగా’ దాకా విని లేచి వెళ్ళిపోతాడు. నాకు కుట్టుపని నేర్పే ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన వద్దంటే, వదులుకోవడం నాకు సమ్మతం కాదన్నాను. వదులుకోవడం సమ్మతమేనట అని ఆ ఉద్యోగం ఇచ్చినవాళ్ళకు ఆయనే కబురు చేశాడు. అప్పుడు పోయింది నా ఒక్కదాని బతుకులే అనుకుని ఊరుకున్నాను. ఊరుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఇప్పుడు మూడు వందలమంది పసిబిడ్డల దగ్గర కూడా అదే పని చేయబోతున్నాడు, చేతికింద మిషన్ ఉందని.

ఇవాళ నర్సమ్మ నమూనా కాపీ చూడటానికి వచ్చింది. ఆయన పొద్దున్నే ఒకటి పక్క కుట్టు వేసి, అట్ట అంటించి పెట్టాడు. నేను టీ తీసుకెళ్ళేసరికి ఆవిడ పుస్తకాన్ని బల్ల మీద తెరిచి పెట్టాలని చూస్తోంది. అది మూసుకుపోతోంది. నా చేతిలోని సాసరు తీసుకుని అడ్డం పెట్టింది. సాసరుతో సహా మూసుకుంది.

“కొత్త కదండీ, వాడగా వాడగా లొంగుతుంది” అన్నాడాయన. నేను కాపరానికొచ్చిన కొత్తలో అత్తయ్య పక్కింటావిడతో నా గురించి ఇదే మాట అంది.

టీ కప్పు కింద పెట్టాను. లోపలికి వెళ్ళలేదు.

“నలభై రెండో పేజీ చూడండమ్మా” అన్నాను.

నువ్వు లోపలికి వెళ్ళు అన్నాడాయన. నర్సమ్మ అప్పటికే పేజీ తీసింది. కళ్ళజోడు సర్దుకుని పైకి చదివింది.

“ఆరు నెలలు నిండని బిడ్డకు నీళ్ళు పట్టడం మంచిది.” ఆగి, మళ్ళీ మనసులో చదువుకుంది. “మంచిదా? నేనలా రాశానా?”

నేను రెండు బొటనవేళ్ళూ పెట్టి వెన్ను దగ్గర బలంగా విప్పాను. దారం కింద ‘కాదు’ కనబడింది.

ఆవిడ పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత నాతో మెల్లగా చెప్పింది, వార్డులో అలా నీళ్ళు పట్టి ప్రాణం మీదికి తెచ్చినవాళ్ళను చూశాకే ఈ పుస్తకం మొదలుపెట్టానని. మరి ఏ బైండింగ్ వేయాలని అడిగింది. ఆయన్ని కాదు, నన్ను. ఫారం కుట్టు, అన్నాను. దారం మడతలోనే ఉంటుంది, అక్షరం మీదికి రాదు, ఒళ్ళో బిడ్డ ఉన్నా పుస్తకాన్ని పట్టుకోనక్కర్లేదు.

ఆయన వెంటనే అందుకున్నాడు. “నేనూ అదే అనుకుంటున్నానండీ. మా ఆవిడ కుట్టేస్తుంది లెండి, నాలుగు రోజుల్లో. ఇంట్లో ఖాళీగానే ఉంటుంది.”

పుస్తకం చెడగొట్టబోయినప్పుడు కూడా అంత మంట పుట్టలేదు నాకు. ఓడిపోయిన మరుక్షణం నా చేతులు తీసి ఆవిడ ముందు పెట్టేశాడు, తన జేబులోవి తీసి ఇచ్చినట్టు.

“ఖాళీగా లేను” అన్నాను. గొంతు పెరగలేదు. ఒక్కో అక్షరం విడివిడిగా పలికాను. “కుడతాను. ఊరికే కుట్టను. కూలి నా చేతికే ఇవ్వాలి. ఎవరు కుట్టారో చివరి పేజీలో వేయాలి.”

“న్యాయమే” అని నర్సమ్మ సంచిలోంచి కలం తీసింది. నా పేరు అడిగింది. చెప్పాను. కుర్చీ నా వైపు తిప్పుకుని, ఎన్ని రోజులు పడుతుందో నన్నే అడిగింది. పది రోజులన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్న వాళ్ళమ్మ వైపు చూశాడు. కొడుకు చెప్పులు తొడుక్కుంటే ఎక్కడికిరా అని అడగకుండా ఆవిడ ఏనాడూ ఉండలేదు. ఇవాళ వంకరపోయిన తన వేళ్ళ వైపు చూసుకుంటూ, కాళ్ళు దగ్గరికి తీసుకుని దారి ఇచ్చింది. ఆయన చెప్పులు తొడుక్కుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.