పాటలో పెట్టిన గుమ్మడికాయ

దీవెనమ్మకు పరలోకమంటే పక్క ఊరే. రేపో ఎల్లుండో బస్సెక్కి పోవలసిన ఊరు. పాలలో చెంబెడు నీళ్లు కలపమన్నా, పొలం గట్టు జానెడు అవతలికి జరపమన్నా "ఆ పొద్దు, తీర్పునాడు, దేవుడు అడిగితే ఏం చెప్పల్ల?" అనేది. ఆ మాట విని విని పాళెమంతా విసిగిపోయింది. అందరికంటే ఎక్కువ విసిగినవాడు ఆమె కొడుకు జయకర్.

"మా, ముందు ఈడ బతకనీ. ఆడి సంగతి ఆడ చూసుకుందాం" అనేవాడు.

ఈడ బతకడమంటే వాడి లెక్కలో ప్రొద్దుటూరు కాంట్రాక్టరు జీపు తోలడం. తొంభైల నాటి మాట ఇది. కాంట్రాక్టరుది ఒక పార్టీ, జమ్మలమడుగు మాజీ ప్రెసిడెంటుది ఇంకో పార్టీ. పార్టీలు పేరుకే, అసలుది పాత పగ. జయకర్ కంటే ముందు ఆ జీపు తోలిన హుమాయున్ పులివెందుల దారిలో బాంబు దాడిలో పోయాడు. బాంబు ఎవరు వేసినా ముందు పోయేది స్టీరింగు పట్టుకున్నవాడే. మానుకోరా అని దీవెనమ్మ ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లే అయింది.

ఆ ఏడు కోతపండగ ఎలక్షన్ల ముందు పడింది. ఇంటింటివాళ్లూ తమ పంటలో కొంత తెచ్చి పాళెం చర్చిలో, అదే వాళ్ల గుడిలో, పెడతారు. ప్రార్థన అయినాక వాటిని వేలంపాట పెడతారు. వచ్చిన దుడ్లు గుడికి. ఎప్పుడూ పాళెం వాళ్లే నవ్వుకుంటూ పాడుకునేవారు. ఈసారి ఓట్ల కోసం కాంట్రాక్టరూ వచ్చాడు, ప్రెసిడెంటూ వచ్చాడు. ముందు వరుసలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. వాళ్ల మనుషులు బయట జీపుల దగ్గర నిలబడ్డారు.

పాట నడిపేది సంఘపెద్ద ప్రేమానందం, రిటైరైన బడి అయ్యవారు. దీవెనమ్మ పెరట్లో కాసిన గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తి చూపించాడు.

"దీవెనమ్మ కాయ! పాడండప్పా!"

ప్రెసిడెంటు పాడాడు. కాంట్రాక్టరు పెంచాడు. కాయ ధర కోడిపెట్టను దాటింది, మేకపోతును దాటింది. అంతవరకూ జనం నవ్వారు. పాడి బర్రె ధరకు చేరేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఇద్దరిదీ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

"పాడుకో కాంట్రాక్టరూ, పాడుకో" అన్నాడు ప్రెసిడెంటు మీసం సవరించుకుంటూ. "కాయ జీపులో పెట్టుకోని ముద్దనూరు క్రాసు దాటు, చూస్తా."

"దాటిస్తా. మా జయకరు తోల్తాడు" అన్నాడు కాంట్రాక్టరు.

బయట మనుషులు సీట్ల కింద నుంచి బాంబుల సంచులు లాగడం కిటికీలోంచి దీవెనమ్మకు కనిపించింది. ఆమె ప్రాణం విలవిల్లాడింది. పక్క ఊళ్లో పోయిన ఏడు, టెంకాయ ముందుగా ఎవరు కొట్టాలనే మాట మీద మొదలైన రగడ రెండు పాడెలు లేపింది. ఆమె ప్రేమానందం దగ్గరికి ఉరికింది.

"సారూ, పాట ఆపు."

"ఆపితే ఎట్లమ్మా? ఇంకొంచెం పెరిగితే గుడికి కొత్త కప్పు పడతాది."

పాస్టరు అయ్యగారిని అడిగింది. "దేవుడు ఎవరి చేత ఇప్పిస్తాడో మనకేం తెలుసమ్మా" అన్నాడాయన. వాకిట్లో తాళాలు తిప్పుతూ నిలబడిన కొడుకును పట్టుకుంది. "జీపు తాళాలిచ్చేసి ఇంటికి రా నాయనా." వాడు చెయ్యి విదిలించుకున్నాడు. "అందరి ముందర నా పరువు తీయొద్దు, పోమ్మా."

దీవెనమ్మకు ఒళ్లు మండిపోయింది. వీళ్లకు కప్పు కావాలి, వాళ్లకు మీసం కావాలి, వీడికి జీపు కావాలి. దేవునికిచ్చిన కాయను అడ్డం పెట్టుకుని తన కొడుకు తలకు వెల కడుతున్నారు. అందులో ఒక్కడికీ ఆ తీర్పు పొద్దు గుర్తుకు రాలేదు.

"ఒకటోసారి... రెండోసారి..."

మూడోసారి అనకముందే ఆమె కాయను లాక్కుంది. గుడి మెట్ల మీదికి పోయి, దాన్ని తలపైకి ఎత్తి నేలకేసి కొట్టింది. గింజలు అయ్యగారి తెల్ల అంగీ మీద దాకా చిందాయి.

కిరస్తానీ మనిషి గుడి వాకిట్లో గుమ్మడికాయ పగలగొట్టడం పాళెంలో ఎవరూ కని ఎరుగరు. "దిష్టి తీస్తాందప్పా! గుడి ముందర దిష్టి తీస్తాంది!" అని ఎవరో అరిచారు. ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు. పాడుకోవడానికి కాయ లేదు, ఓడిందీ లేదు, గెలిచిందీ లేదు. కండువా దులుపుకుని జీపెక్కాడు. కాంట్రాక్టరు మాత్రం పగిలిన ముక్కల వంక చూసి పాలిపోయాడు. శకునాలకు జడిసే మనిషి.

"డ్రైవరు తల్లి చేతిలోనే కాయ పగిలింది. వీడింక నా బండి ముట్టుకోకూడదు" అని జయకర్ చేతిలోంచి తాళాలు లాక్కున్నాడు. ఆ పూట అందరూ ఎవరి దారిన వాళ్లు పోయారు. క్రాసు దగ్గర ఏ గొడవా జరగలేదు.

గొడవ జరగలేదు గనుక ఆమె ఏం ఆపిందో ఎవరికీ తెలియలేదు. అన్యుల ఆచారం చేసిందని గుడి కమిటీ ఆమెకు ఆరు నెలలు ప్రభు భోజన సంస్కారం నిలిపేసింది. తీర్మానం చదివింది ప్రేమానందమే. రొట్టె, ద్రాక్షారసం కోసం నెలంతా ఎదురుచూసే మనిషి ఆమె. సంస్కారపు ఆదివారం చాప చివర కూర్చుంటే గిన్నె ఆమెను దాటుకుని పక్కామె దగ్గరికి పోయింది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సంచుల్లో బాంబులు తెచ్చినవాళ్లకు కుర్చీలేసినారు, నన్ను చాప చివరికి తోసినారు, ఇదేం న్యాయం దేవా అని మనసులో పోట్లాడింది.

ఇంటికొస్తే జయకర్ పొద్దున్నుంచి కుక్కి మంచం దిగలేదు. అన్నం పెడితే కంచం అవతలికి నెట్టాడు.

"నా బతుకు పగలగొట్టినావు. ప్రొద్దుటూర్లో నన్ను చూసి నవ్వుతాండారు. నువ్వు తల్లివా? శత్రువువి!"

దీవెనమ్మ చెంప పగలగొడదామని చెయ్యెత్తింది. వాడు నిండు ప్రాణంతో, ఎర్రబడిన కళ్లతో, ఊపిరి ఎగదోసుకుంటూ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఎత్తిన చెయ్యి దించి కంచం మళ్లీ వాడి ముందుకు జరిపింది.

"తిట్టు నాయనా, తిట్టు. తిట్టేదానికి నువ్వుండావు గదా. తిని తిట్టు."