పుక్కిలించొద్దన్న మందు

చిగుళ్లకు కోత పెట్టి ఏడు కుట్లు వేసిన డాక్టరమ్మ మా బావకు ఒకే మాట పదిసార్లు చెప్పింది. "ఈ మందు నోట్లో పోసుకుని తల మెల్లగా అటూ ఇటూ వంచండి. అర నిమిషం చాలు. తర్వాత నోరు తెరిచి జారవిడవండి. గట్టిగా పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు." మందు వాడినన్నాళ్లు రుచి సరిగా తెలియకపోవచ్చనీ, మానేశాక తిరిగొస్తుందనీ కూడా చెప్పింది.

ఎవరికి చెప్పింది? ఇరవై ఆరేళ్లుగా టీ కంపెనీలో చెంచాతో జుర్రి, నోరంతా తిప్పి, మూరెడు దూరంలోని తొట్టిలోకి గురి తప్పకుండా ఉమ్మి, ఏ సరుకు మంచిదో తేల్చే మనిషికి! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

పదేళ్లుగా బావ కిందే పనిచేస్తున్నాను. పదో రోజు పొద్దున ఆయనతో కలిసి పనికి వెళ్దామని ఇంటికి వెళ్లేసరికి అక్క స్నానాలగది తలుపు బాదుతోంది.

"మెల్లగా అండీ! కుట్లూడిపోతాయి!"

"నోరు కడుక్కోవడం కూడా నువ్వే నేర్పుతావా?" లోపల్నుంచి బావ.

అక్క నన్ను వంటింట్లోకి లాగింది. "రాత్రి కూరలో ఉప్పు మరిచిపోయానురా. ఈయన కిక్కురుమనకుండా తినేశారు. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి."

అంటే బావకు రుచి తెలియట్లేదు. ఆ రోజే కొత్త కొనుగోలుదారుకు సరుకు పంపాలి. బావ బాగుందంటే రెండు వందల బస్తాలు లారీ ఎక్కుతాయి. పోయినేడు ఒకసారి తప్పు చెప్పాడు. ఇంకోసారి తప్పితే ఇంటికి పంపేస్తానని యజమాని అందరి ముందే అన్నాడు. సెలవు పెట్టు బావా అంటే, "నా చోట్లో నువ్వు నిలబడదామనా?" అన్నాడు. సరదాకే అన్నాడనుకున్నాను.

రుచి చూసే గదిలో బల్ల మీద పది తెల్ల కప్పులు, ఒక్కోదాంట్లో ఒక్కో సరుకు టీ. ముందు బావ, వెనకే నేను, ఎదురుగా చేతులు కట్టుకుని యజమాని. బావ తర్వాత ప్రతి కప్పూ నేనూ చూస్తాను, కానీ తీర్పు ఆయనదే. మొదటి మూడూ నిజంగానే బాగున్నాయి. నాలుగోది నోట్లో పడగానే తడికట్టెల పొయ్యి ముందు కూర్చున్నట్టయింది. ఆరబెట్టేటప్పుడు సరుకు పొగచూరింది. పసిపిల్లాడికైనా తెలిసిపోతుంది.

"బాగుంది," అన్నాడు బావ.

యజమాని కలం తీశాడు. నోరు విప్పితే బావ పరువు పోతుంది, విప్పకపోతే ఉద్యోగమే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"బావా, ఇది ఇంకోసారి చూడు."

"ఏంట్రా, నాకే పాఠాలా?"

చెంచా నిండా తీసుకుని ఎన్నడూ లేనంత బలంగా జుర్రాడు. బుగ్గలు అదిరేలా తిప్పి ఉమ్మాడు. తొట్టిలో టీతో పాటు నెత్తురు పడింది. మళ్లీ ఉమ్మాడు. ఈసారి ఇంకా చిక్కగా వచ్చింది. నేను భయంతో జేబురుమాలు మడిచి ఆయన నోట్లో పెట్టాను.

"ఉమ్మకు బావా! గట్టిగా కరిచిపట్టు!"

"ఏమైందయ్యా?" అన్నాడు యజమాని.

బావ ఒక్క క్షణం గుడ్డ తీశాడు. "సార్, నోరంతా రక్తం. అది కూడా నాకు నీళ్లలాగే ఉంది. పది రోజులుగా ఏ రుచీ తెలియట్లేదు. ఇందాకటి నుంచి చెప్పినవన్నీ ఉత్తుత్తివే. వీడేమంటే అది రాసుకోండి."

"నాలుగోది పొగచూరింది సార్," అన్నాను.

యజమాని నాలుగోది కొట్టేశాడు. "ముందు డాక్టరు దగ్గరికెళ్లు. నోరు బాగయ్యాక రా, అప్పుడు చూద్దాం," అన్నాడు బావతో.

బావ వెళ్లలేదు. గుడ్డ కరిచిపట్టుకునే బల్ల దగ్గర్నుంచి పక్కకు జరిగి, చెంచా నా చేతిలో పెట్టి, ఐదో కప్పు వైపు చూపించాడు. చల్లారితే పనికిరాదు మరి.

జుర్రాను, తిప్పాను, ఉమ్మాను. "బాగుంది," అన్నాను.

బావ నావంక చూసి, సరేనన్నట్టు తల ఊపాడు. పదేళ్లలో నా మాటకు ఆయన అడ్డుచెప్పకపోవడం అదే మొదలు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.