నిండు సీసా

సింకు దగ్గర నిలబడి టిఫిన్ డబ్బాలు తోముతూ మా లాయరమ్మ నీళ్ళ సీసా చేతిలోకి తీసుకున్నాను. బరువుగా ఉంది. మూత తీసి చూస్తే పొద్దున నేను ఎంతవరకు నింపానో అంతవరకూ నీళ్ళున్నాయి. ఒక్క గుక్క కూడా తగ్గలేదు.

"ఏమిటే ఇది? ఇవాళ సీసా ముట్టుకోనేలేదా?" అని వంటింట్లోంచే అరిచాను.

"దాహం వెయ్యలేదు" అంది హాల్లోంచి.

అంతే. ఇంకో మాట లేదు. మామూలుగా ఒక ప్రశ్నకి మూడు వాదనలు వినిపించే పిల్ల. అందుకే ఇంట్లో అందరం లాయరమ్మ అంటాం. పదకొండేళ్ళు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళలో బలం లేదు, చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. కాళ్ళకి రావలసిన బలం కూడా నోటికే వచ్చిందని మా అత్తయ్య అంటుంది.

తడి చేతులతోనే హాల్లోకి వెళ్ళాను. "రోజూ ఖాళీగా వస్తుందిగా సీసా. ఇవాళేమైంది? అబద్ధాలు చెప్పావో చూడు."

"నేను అబద్ధం చెప్పలేదు. సీసా రోజూ ఖాళీ అయింది. ఎవరు తాగారని నువ్వు అడగలేదు."

"సరే, అడుగుతున్నాను. ఎవరు తాగారు?"

"నా పక్కన కూర్చునే పిల్ల. దానికెప్పుడూ దాహమే. ఇవాళ జ్వరమని రాలేదు."

నాకు ఒళ్ళు మండింది. రోజంతా అదే బడిలో, దానికి రెండు గోడల అవతల కూర్చునే మనిషిని నేను. నా కళ్ళు కప్పి ఇంత నాటకమా!

ఆ బడిలో చేర్చడానికి వెళ్ళిన రోజు హెడ్మిస్ట్రెస్ నవ్వుతూ కుర్చీ చూపించింది. "మా గేటు మీద చూశారుగా, 'ఇక్కడ అందరికీ చోటుంది' అని. తప్పకుండా చేర్చుకుంటాం. కాకపోతే పాపని బాత్రూముకి అదీ తీసుకెళ్ళడానికి మీరు తోడుంటే బావుంటుంది. తల్లి చూసుకున్నట్టు ఇంకెవరు చూసుకుంటారు చెప్పండి?" అంది. అంతకుముందు తిరిగిన బళ్ళన్నీ తమ మెట్లు చూపించి పంపేశాయి కాబట్టి నాకా మాటే వరంలా అనిపించింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన "ఇంకేం మరి! లాబ్‌లో నువ్వు చేసేదేముంది, ఎవరెవరివో సీసాలు పట్టుకోవడమేగా. మన పిల్ల కంటే ఎక్కువా?" అన్నాడు. ఆ సీసాలు పట్టుకునే పనిలోనే రిపోర్టు కింద నా సంతకం ఉండేది. దాన్ని చూసి డాక్టర్లు మందు రాసేవాళ్ళు. మానేశాను. మెట్ల కింద బెంచీ ఇచ్చారు, దాని మీద కూర్చున్నాను.

బెంచీ అయితే ఇచ్చారు కానీ కూర్చోనిస్తేగా. "ఖాళీగానే ఉన్నారుగా, ఈ చార్టులు కాస్త కత్తిరించి పెడతారా?" "టీచరు ఇంకా రాలేదు, కాసేపు ఆ క్లాసు చూడండమ్మా." ఒకటో తరగతిలో ఎవడైనా వాంతి చేసుకుంటే కబురు నాకే. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగేస్తారంటారు. వీళ్ళు తాగలేదు కానీ ఆ ఫినాయిల్ నీళ్ళతో తుడిచే పని నాకిచ్చారు. ఆ బడిలో నాకంటూ లేనిది ఒక్కటే, బాత్రూము. పిల్లల బాత్రూములు పెద్దవాళ్ళు వాడకూడదని బోర్డు. స్టాఫ్ బాత్రూముకి తాళం, ఆ తాళంచెవి హెడ్మిస్ట్రెస్ సొరుగులో. "అత్యవసరమైతే అడగండి" అంది మొదట్లో. ఒకసారి అడిగితే సొరుగు తీస్తూ నా వైపు చూసిన చూపుకి మళ్ళీ అడగలేదు. పొద్దున అరకప్పు కాఫీ తాగి వెళ్ళానంటే మళ్ళీ ఇంటికొచ్చాకే గొంతు తడుపుకోవడం. సాయంత్రం కాళ్ళు పీకుతున్నాయంటే మా ఆయన "నీకేం తల్లీ, నీడపట్టున కూర్చుని వస్తావు" అంటాడు.

కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాను. "ఎందుకు తాగట్లేదే?"

"ప్రాక్టీసు చేస్తున్నాను."

"ఏం ప్రాక్టీసు?"

"సాయంత్రం దాకా బాత్రూము రాకుండా. మొన్న లాబ్ మేడమ్ ఫోన్ చేస్తే నువ్వేమన్నావు? పిల్లకి బాత్రూము అవసరం ఉంటుందండీ, అందుకే రాలేను అన్నావు. నాకు అవసరం లేకపోతే నువ్వెళ్ళొచ్చుగా. ఇంటర్వెల్లో నువ్వొచ్చి అడిగితే వద్దు వద్దంటున్నానా లేదా? ఇంకో వారం చూసి చెబుదామనుకున్నా."

పిల్ల పెద్దదవుతోంది, ఆపుకోవడం అలవాటవుతోందని ఇన్నాళ్ళూ నేను మురిసిపోయాను!

"ఇదంతా ఎవరు నేర్పారే నీకు?"

"నువ్వే" అంది, ఆశ్చర్యంగా నా మొహంలోకి చూస్తూ. "నువ్వూ తాగవుగా బళ్ళో. మెట్ల కింద నీ దగ్గర సీసా ఉంటుందా ఎప్పుడైనా?"

తర్వాత అదే మెల్లగా చెప్పింది, రెండు మూడు రోజులుగా ఒంటేలుకి వెళ్ళినప్పుడు మంటగా కూడా ఉందని.

మర్నాడు బడి లేదు. పొద్దున్నే చిన్న సీసాలో శాంపిల్ పట్టుకుని నేను పనిచేసిన లాబ్‌కి వెళ్ళాను. రంగు చూస్తేనే నాకు విషయం తెలిసిపోయింది. అయినా లాబ్ మేడమ్ తన స్టూల్ మీంచి లేచి "నువ్వే చూడు" అంది. ఎన్నాళ్ళకో మైక్రోస్కోపు మీదికి వంగాను. చెయ్యి దానంతటదే మర తిప్పుకుని ఫోకస్ చేసుకుంది. స్లైడంతా చీము కణాలు. ఇలాంటివి ఎన్ని వందలు చూసి ఉంటానో, ఏ ఒక్కదానికీ కళ్ళలో నీళ్ళు తిరగలేదు.

"చిన్నపిల్ల. బాగా నీళ్ళు తాగించు. లేకపోతే ఇది కిడ్నీల దాకా పాకుతుంది" అంది మేడమ్. నేను లేవబోతుంటే భుజం మీద చెయ్యి వేసింది. "ఈ స్టూల్ నీకోసమే అట్టే పెట్టాను. సోమవారం రాకపోతే మాత్రం ఇంకో అమ్మాయిని తీసుకుంటాను. నిన్నేం తప్పు పట్టనులే."

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన చెడ్డవాడు కాదు. అదే నా కష్టం. చెడ్డవాడైతే ఈపాటికి నలుగురైనా నా వైపు ఉండేవాళ్ళు. ఆదివారం సాయంత్రాలు కూతుర్ని పార్కులో తిప్పుతాడు. కుర్చీ తోసుకుంటూ వెళుతుంటే దారినపోయేవాళ్ళు ఆగి "ఎంత మంచి తండ్రండీ" అంటారు. వెనకాల సంచీ మోస్తూ నడిచే నన్ను చూసి "అదృష్టవంతురాలివమ్మా" అని కూడా అంటారు. వారంలో మిగతా రోజులన్నీ అదే కుర్చీ నేను తోసుకెళుతుంటే పక్కకి తప్పుకుంటారు, అంతే.

"మందు వేస్తే తగ్గిపోతుందిగా, ఎందుకంత కంగారు?" అన్నాడు. "అయినా ఒకరకంగా చూస్తే పిల్ల తెలివిగా సర్దుకుపోతోంది. బళ్ళో ఉన్నంతసేపేగా."

నా చేతిలో గరిట గిన్నెలోకి జారిపోయింది.

"ఆడపిల్ల అన్నాక కాస్త బిగబట్టుకోవడం నేర్చుకోవాలి లేవే. రేపు ఎక్కడికెళ్ళినా తప్పుతుందా?" అంది అత్తయ్య.

బిగబట్టుకోవడం. ఎంత చిన్నప్పటి నుంచి విన్న మాట అది! ప్రయాణమంటే ముందురోజు నుంచే నీళ్ళు తగ్గించమనేది మా అమ్మ. బస్సు ఎక్కడాగుతుందో, ఆగిన చోట ఏముంటుందో తెలియదు కదా. పరీక్షల రోజున కూడా అంతే. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో బాత్రూము తలుపు సరిగ్గా హాల్లోకి తెరుచుకునేది, హాల్లో మామయ్యగారూ ఆయన స్నేహితులూ పేపరు తిరగేస్తూ గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. వాళ్ళు లేచేదాకా నేను వంటింట్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. "కోడలు ఎంత పనిమంతురాలో, ఒక్క క్షణం కూర్చోదు" అని మెచ్చుకున్నారు కూడా. అప్పుడు నవ్వొచ్చింది నాకు. ఒంటేలొక్కటేనా బిగబట్టింది? కోపాన్ని, ఏడుపుని, నాలుక చివరి దాకా వచ్చిన మాటని బిగబట్టాను. లాబ్ వదిలేసిన రోజున గుండెల్లోంచి తన్నుకొచ్చిన అరుపునీ బిగబట్టాను. దానికి ఓర్పు అని పేరు పెట్టారు, నేనూ నమ్మాను. ఇప్పుడు నా కూతురు, నడవలేకపోయినా నోరున్న పిల్ల, దాని నోటితోనే నీళ్ళు తాగడం మానేసి నాకు కానుక ఇద్దామనుకుంది. నాకంటే బాగా నేర్చుకుంది.

మళ్ళీ అత్తయ్యే కంచంలోకి చూస్తూ గొణిగింది. "నా కిడ్నీలో రాళ్ళకీ అదే కారణమన్నాడు డాక్టరు. మా రోజుల్లో చీకటి పడేదాకా..." ఆగిపోయింది. తన గ్లాసు మనవరాలి వైపు జరిపింది. "తాగు."

"సోమవారం నుంచి నేను లాబ్‌కి వెళుతున్నానండీ" అన్నాను.

మా ఆయన తినడం ఆపేశాడు. "పిల్లని వదిలేసి ఎవరిదో ఒంటేలు పరీక్ష చేస్తావా?"

"ఎవరిదో కాదు. ఇవాళ మన పిల్లదే చేసి వచ్చాను."

"రేపు వాళ్ళు బడికి రావద్దంటే? ఎంత తిరిగితే దొరికిన బడి! నీ పంతానికి దాని చదువు పోవాలా?"

భయం వేసింది. అబద్ధమెందుకు, చాలా భయం వేసింది. ఆ మాట నిజం కూడా అవ్వొచ్చు. నేను దాని వైపు చూశాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో గుక్కా తాగుతూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"నేను బడి మానను" అంది గ్లాసు దించి. "అలాగని దాహంగా కూడా ఉండను."

సోమవారం మందుల సంచీతో, నిండు సీసాతో అందరికంటే ముందు బడికి వెళ్ళాం. ఆయాలిద్దరూ వరండా తుడుస్తున్నారు. వాళ్ళని బాత్రూములోకి పిలిచి, కుర్చీ బ్రేకు ఎలా వెయ్యాలో, ఎవరు ఎటు పట్టుకోవాలో, దాని చేతులు ఎక్కడ వేయించుకోవాలో చేసి చూపించాను. మధ్యలో లాయరమ్మ "నా నడుం పట్టుకోండి, చంకలో కాదు, గిలి" అని తనే చెప్పింది. పెద్ద ఆయా నవ్వేసింది. "ఇంతేనా అమ్మా! మాకెవరూ చెప్పలేదు, మేం అడగలేదు. కానీ మా పనిలో కలిపి చెప్పమను హెడ్ మేడమ్‌ని. లేకపోతే ఇక్కడికొస్తే అక్కడ తుడవలేదని మామీద పడతారు."

హెడ్మిస్ట్రెస్ బల్ల మీద సీసా పెట్టాను. పక్కన లాబ్ రిపోర్టు పెట్టాను. చదివి "అయ్యో పాపం" అంది.

"భోజనాల వేళకి ఈ సీసా ఖాళీ కావాలి మేడమ్. మళ్ళీ నింపాలి. నేను ఇవాళ్టి నుంచి బెంచీ మీద ఉండను, ఉద్యోగానికి వెళుతున్నాను."

"మరి బాత్రూముకి?"

"ఆయాలిద్దరికీ చూపించాను. మీరు చెబితే చేస్తారు. కానీ వాళ్ళ పని లెక్కలో వేసి, కొంత వేరే పని తగ్గించి చెప్పండి. ఊరికే చేయించుకోవడం నాతో సరి."

ఆవిడ మొహం బిగుసుకుంది. "అలా ఒక్కసారిగా అంటే ఎలాగండీ? కమిటీలో మాట్లాడాలి. ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? మీరు తల్లి కదా!"

"తల్లినే మేడమ్. మీ బళ్ళో ఉద్యోగిని కాదు."

సీసా తీసుకుని క్లాసులోకి వెళ్ళి దాని బల్ల మీద పెట్టాను. పక్క సీటు పిల్లకి జ్వరం తగ్గినట్టుంది, వచ్చి సీసా వైపు ఆశగా చూస్తోంది. దానికోసం ఇంకో చిన్న సీసా తెచ్చాను, అదీ పెట్టాను.

"బాత్రూము వస్తే?" అని గుసగుసగా అడిగింది లాయరమ్మ. మొదటిసారి దాని కళ్ళలో భయం చూశాను.

"అడుగు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. గట్టిగా అడుగు."

మూత తీసి తాగింది. గొంతు కదలడం చూసి, వెనక్కి తిరిగి మెట్ల పక్కనుంచి గేటు దాటేశాను. వెనక్కి తిరిగి చూస్తే ఆగిపోతానని తెలుసు.

లాబ్‌లో తెల్లకోటు భుజాల దగ్గర కొంచెం బిగుతయింది. మేడమ్ ఏమీ అడగకుండా శాంపిళ్ళ ట్రే నా ముందుకి తోసింది. స్లైడు మీద స్లైడు చూస్తున్నానే కానీ చెవులు ఫోన్ దగ్గరే ఉన్నాయి. అది మోగనే మోగింది. బడి నంబరు. చేతి గ్లవుజు పీకేసి ఫోన్ ఎత్తాను.

"పాప బాత్రూము అంటోందండీ. ఎంతసేపట్లో వస్తారు?" హెడ్మిస్ట్రెస్ గొంతు.

ఐదు నిమిషాల దారి. కాళ్ళు అప్పుడే స్టూల్ మీంచి దిగిపోయాయి. కోటు గుండీ మీద చెయ్యి పడింది. అప్పుడు వినిపించింది, ఫోన్‌లో ఆవిడ వెనక నుంచి, క్లాసంతా వినేలా.

"మేడమ్, బాత్రూము ఇక్కడుంది. నేనూ ఇక్కడే ఉన్నాను. మరి ఫోన్ మా అమ్మకెందుకు?"

అటువైపు ఎవరో కిసుక్కుమన్నారు, పెద్ద ఆయా అనుకుంటా. నేను మళ్ళీ స్టూల్ మీద కూర్చున్నాను. బల్ల మీదున్న గ్లాసెడు నీళ్ళు ఎత్తి గటగటా తాగాను. అప్పుడు చెప్పాను.

"సాయంత్రం వస్తాను మేడమ్, బడి వదిలాక."