ఏ చేతి పెంపకం

రెమెయి కోడలిని ఇంట్లోకి రానిచ్చింది గాని, వెనక గోడవారన ఉన్న చిన్న కోళ్ళగూట్లోకి మాత్రం పదిహేనేళ్ళయినా అడుగు పెట్టనివ్వలేదు. పెద్దగూడు ఇంటివాళ్ళ కోళ్ళకి. అక్కడ కోడలు ఇదలీనా ఏం చేసుకున్నా అత్తకి పట్టింపు లేదు. చిన్నగూడు రాజుగారిది. దాని తాళంచెవి రెమెయి నడుముకే ఉండేది.

రాజుగారంటే ఒక్కరు కాదు, ఇద్దరు. ఫ్రాన్సుకీ స్పెయిన్‌కీ మధ్య కొండల్లో ఇరుక్కున్న అండోర్రాకి ఏడువందల ఏళ్ళుగా ఇద్దరు రాజులు. ఒకాయన లోయ కింద, సరిహద్దు అవతల స్పెయిన్‌లో, లా సెవు ఊళ్ళో ఉండే బిషప్. రెండో ఆయన ఫ్రాన్సుకి అధ్యక్షుడిగా ఎవరుంటే వారు. పారిస్‌లో ఎన్నికలయితే ఇక్కడ ఒక రాజు మారతాడు, రోములో పోపుగారు ఉత్తర్వు ఇస్తే రెండో రాజు మారతాడు. ఈ రెండిట్లోనూ ఇక్కడివాళ్ళ ప్రమేయం ఆవగింజంత కూడా లేదు. ఒక్క రాజుతోనే వేగలేక దేశాలకి దేశాలు తిరగబడ్డాయి. వీళ్ళు మాత్రం ఇద్దరితో హాయిగా నెట్టుకొచ్చారంటే, ఆ ఇద్దరూ దూరంగా ఉండబట్టే.

బేసి సంవత్సరం వస్తే పారిస్ రాజుకి కాసిని ఫ్రాంకులు పంపేవారు. సరి సంవత్సరం వస్తే బిషప్‌గారికి కాసిని స్పెయిన్ పెసెటాలతో పాటు ఎండబెట్టిన పంది తొడలు, జున్ను దిమ్మలు, విత్తులు తీసిన పుంజులు ప్రాణంతో పట్టుకెళ్ళి అప్పగించేవారు. ఒక్కో పంచాయతీ తన వంతు తను తెచ్చేది. రెమెయి ఉండే పల్లె తరఫున రెండు పుంజులు ఇచ్చే బాధ్యత వాళ్ళ ఇంటిది. ఆ ఇంటిపేరు కాల్ తోర్నె. ఎవరి తాతలకీ గుర్తులేని కాలం నుంచీ అంతే.

ఊరికే కాదు లెండి. అందుకు బదులుగా ఏటి ఒడ్డున ఉన్న దిగువ పచ్చిక కాల్ తోర్నె వాళ్ళదయింది. పన్నెండు ఆవులు చలికాలం గట్టెక్కడానికి కావలసిన ఎండుగడ్డి అంతా అక్కడే వచ్చేది. షరతు ఒక్కటే. పుంజులకి ఆ ఇంటి చేతులే విత్తులు తీసి, పెంచి ఇవ్వాలి. పుంజు చెడితే బాధ్యతా, పచ్చికా రెండూ కలిసి పక్కింటికి పోతాయి. పక్కిల్లు కాల్ పలాంకా. ఆ ఇంటి పెద్ద సదుర్ని. పంచాయతీకి పెద్ద కూడా అతనే. రెమెయి పుంజు ఎప్పుడు చెడుతుందా అని గోతికాడ నక్కలా కూర్చున్నాడని ఊరందరికీ తెలుసు.

రెమెయి చేతి నేర్పు పేరు మోసినది. మూడునెలల పుంజుని ఒళ్ళో పడుకోబెట్టుకుని, పక్కన చిన్న గాటు పెట్టి, వేలు లోపలికి పోనిచ్చి గింజంత విత్తులు రెండూ తీసి, సూదీ దారంతో కుట్టేసేది. అయిదు నిమిషాల పని. అలా చేసిన పుంజు కుయ్యదు, పొట్లాడదు. నెత్తిమీది తురాయి ఎర్రబడదు. కూర్చుని తిని కొవ్వెక్కుతుంది. కాని ఆ ఏడు సెప్టెంబరులో ఆమె పుంజుల విత్తులు తీసేనాటికి రెండు కళ్ళలోనూ పొర కమ్ముతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పని కోడలికి అప్పగించాలి, కోడలేమో పైదేశం మనిషి.

ఇదలీనాది పోర్చుగల్ ఉత్తరాన ఒక పల్లె. హోటల్లో దుప్పట్లు ఉతికే పనికి వచ్చి, రెమెయి కొడుకు ఒలిగెర్‌ని పెళ్ళాడింది. ఈ లోయల్లో సొంత దేశస్థుల కంటే బయటి నుంచి వచ్చినవాళ్ళే మూడింతలకి పైన. ఓట్లు మాత్రం సొంతవాళ్ళవే. పదిహేనేళ్ళుగా ఈ నీళ్ళు తాగుతున్నా, ఇదలీనాకి అండోర్రా పౌరసత్వ కాగితం లేదు. విచిత్రమేమిటంటే, ఆమె పుట్టిన ఊరి దగ్గర ఇలాంటి పుంజులకి ఏటేటా సంత జరుగుతుంది. ఆమె పదేళ్ళ వయసుకే అమ్మ పక్కన కూర్చుని పుంజుల విత్తులు తీసింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇంట్లో ఇంత పనిమంతురాల్ని పెట్టుకుని రెమెయి ఒక్కనాడైనా ఆమెని సాయం అడగలేదు.

నవంబరులో బట్టలు ఆరేస్తూ ఇదలీనా చిన్నగూటి చువ్వల్లోంచి చూసి, ఒక పుంజు తురాయి ఎర్రబడుతోందని చెప్పింది. లోపల ఒక విత్తు మిగిలిపోయిందేమో, ఇప్పటికైనా ఒకసారి చూద్దామంది. రెమెయికి ఒళ్ళు మండింది. నా కళ్ళకి కనపడనిది నీకు కనపడిందా, నీ గూడు నువ్వు చూసుకోమని కసిరింది. ఇదలీనా తన గూడు తను చూసుకుంది. క్రిస్మస్‌కి ఇంట్లో వండడానికని పెద్దగూట్లో తను కూడా రెండు పుంజులకి విత్తులు తీసి పెంచుతోంది. ఆ సంగతి అత్తకి తెలుసు. తెలియనట్టు ఉండేది.

డిసెంబరులో బిషప్‌గారికి కట్టే రోజు రానే వచ్చింది. పొద్దున్నే రెమెయి ఉతికిన నల్లగౌను వేసుకుని, క్యాబేజీ ఆలుగడ్డ వేపుడు రెండు ముద్దలు తిని, బుట్ట పట్టుకుని గూటి తాళం తీసింది. లోపలి నుంచి, రెండిట్లో ఒక పుంజు మెడ సాచి బ్రహ్మాండంగా కూసింది.

ఊరంతటికీ వినపడేలా మళ్ళీ కూసింది. గోడ అవతల సదుర్ని కిటికీ రెక్క తెరుచుకున్న చప్పుడయింది. రెమెయి గూటి గడప మీదే కూలబడింది. తన కోడి కుయ్యకపోతే ఊళ్ళో తెల్లారదనుకున్న ముసలమ్మ కథ ఒకటుంది. ఈ ముసలమ్మకి కోడి కూయడమే కొంప ముంచింది.

ఇదలీనా వచ్చి అత్తని లేవదీసింది. నేను చెప్పలేదా అన్న మాట ఆమె నోట రాలేదు. అంటే బాగుండును, తిరిగి నాలుగు తిట్టడానికి వీలుండేదని రెమెయికి అనిపించింది. ఇదలీనా పెద్దగూట్లోంచి తన పుంజు ఒకటి తెచ్చి అత్త చేతుల్లో పెట్టింది. రెమెయి తురాయి తడిమింది. చిన్నగా, చల్లగా ఉంది. రొమ్ము తడిమింది. నిండుగా ఉంది. కడుపు పక్కన గాటు మానిన చోటు వేలికి దొరకనే లేదు. అంత శుభ్రమైన పని తన జీవితంలో తను చెయ్యలేదని ఆమెకి అర్థమైంది, అర్థమైనందుకు ఏడుపూ వచ్చింది.

"తీసుకెళ్ళండి అత్తయ్యా. ఇదీ, మీ రెండో పుంజూ ఒక్కలాగే ఉన్నాయి. ఎవరు చూడొచ్చారు?" అంది ఇదలీనా.

"అక్కడ అడుగుతారే పిల్లా," అంది రెమెయి.

నిజమే, అడుగుతారు. అదో లాంఛనం. ఎవరు ఏది తెచ్చినా బిషప్‌గారి ముందు నిలబెట్టి, ఏ ఇల్లు, ఏ చేతి పెంపకం అని పెద్ద గొంతుతో అడుగుతారు. ఇంటిపేరూ, పెంచినవాళ్ళ పేరూ పైకి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళుగా రెమెయి "కాల్ తోర్నె, రెమెయి చెయ్యి" అని చెబుతూనే ఉంది. ఇవాళ కూడా అదే చెబితే పచ్చిక దక్కుతుంది. నిజం చెబితే సదుర్ని ఊరుకోడు.

ఒలిగెర్ వ్యాను నడిపాడు. బుట్ట ఇదలీనా ఒళ్ళో ఉంది. దారంతా రెమెయి మనసులో పన్నెండు ఆవులనీ పేరుపేరునా తలుచుకుంది.

బిషప్‌గారి భవనంలో నడవా అంతా పంది తొడల వాసన. పంచాయతీ పెద్దలు నల్లకోట్లు తొడుక్కుని వరసగా నిలబడ్డారు. వాళ్ళలో సదుర్ని కూడా ఉన్నాడు. రెమెయిని చూడగానే అతను, ఏం వదినా, పొద్దున్నే ఇంట్లో సుప్రభాతం వినపడిందే అని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేలా అన్నాడు. రెమెయి కోడలి మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. నిజానికి మెట్లు సరిగా కనపడక పట్టుకుంది.

బిషప్‌గారు ఎత్తు కుర్చీలో కూర్చుని ఉన్నారు. వయసు మళ్ళిన మనిషి, జలుబు చేసిందేమో చేతిలో రుమాలు ఉంది. కార్యదర్శి వంతు పిలిచి, బుట్ట మూత తీయించి, ఏ ఇల్లు, ఏ చేతి పెంపకం అని అడిగాడు.

"కాల్ తోర్నె," అంది రెమెయి. అని ఆగింది.

ఇదలీనా తల దించుకుని బుట్ట అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. అత్త ఎప్పటిలాగే రెమెయి చెయ్యి అంటుందని ఆమె అనుకుంది. అలా చెప్పినా కోడలు నోరెత్తదని అత్తకి తెలుసు. పదిహేనేళ్ళూ ఆ ఇంట్లో జరిగింది అదే. ఇదలీనా చేసిన పనులన్నీ కాల్ తోర్నె పేరు మీదే చెల్లిపోయాయి. ఆ సంగతి రెమెయికి ఇప్పుడు, ఇంతమంది ముందు, తట్టింది. సిగ్గేసింది.

"ఒకటి నా చెయ్యి. రెండోది నా కోడలు ఇదలీనా చెయ్యి. నాది రెండోది చెడిపోయిందండి, నాకు చూపు ఆనడం లేదు. ఇది నాదానికంటే మంచి పుంజు," అంది.

పెద్దలతో పాటు లోపలికొచ్చిన సదుర్ని వెంటనే ముందుకొచ్చాడు. గొంతు పెంచలేదు, మర్యాదగానే చెప్పాడు. పుంజు చెడిందని ఆమే ఒప్పుకుందని, రాజుకి కట్టేది దేశస్థులు కట్టాలని, ఆ పిల్లది పైదేశమని, షరతు ప్రకారం ఈ బాధ్యత ఇకమీదట కాల్ పలాంకాకి రావాలని అన్నాడు. పెద్దల్లో ఒకరిద్దరు తలలూపారు. కార్యదర్శి బిషప్‌గారి వైపు చూశాడు.

రెమెయి సదుర్ని ఉన్న వైపుకి తిరిగింది. అతను ఆమెకి నల్లటి మరకలా మాత్రమే కనపడ్డాడు.

"మరిదీ, మన ఇద్దరు రాజుల్లో ఈ దేశంలో పుట్టినవాళ్ళు ఎవరో చెప్పు. ఒకాయన ఫ్రాన్సు. ఈ అయ్యగారు స్పెయిన్. పైవాళ్ళు మనల్ని ఏలొచ్చు గాని, పైవాళ్ళు పెంచిన కోడి తినడానికి పనికిరాదా?"

గుమ్మం దగ్గర ఒలిగెర్ నవ్వు ఆపుకోలేక టోపీ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బిషప్‌గారు ముక్కు తుడుచుకుని, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, బుట్టలోకి చెయ్యి పెట్టి ఇదలీనా పుంజుని రొమ్ము దగ్గర తడిమి చూశారు. ఆయన కూడా పల్లెలో పుట్టిన మనిషే కాబోలు, చూడవలసిన చోటే చూశారు.

"కాల్ తోర్నె, రెండు పుంజులు. ఒకటి ఇదలీనా చెయ్యి. పైకి చదవండి," అన్నారు కార్యదర్శితో. కార్యదర్శి పైకి చదివాడు. రాజు పుచ్చుకున్నాక పంచాయతీ పెద్ద అనేదేముంది? సదుర్ని కోటు గుండీలు సర్దుకుని వెనక్కి వెళ్ళాడు. పచ్చిక కాల్ తోర్నెకే మిగిలింది.

మూడు నెలలకి, మార్చిలో, దేశమంతా ఓటు వేయవలసి వచ్చింది. కొత్త రాజ్యాంగం రాశారు. దాని ప్రకారం రాజులు ఇద్దరూ ఉంటారు, కాని చట్టం చేసేది ప్రజలు ఎన్నుకున్న సభ. రాజుల పని సంతకం. ఇద్దరిలో ఒక్కరు పెట్టినా చాలు. పార్టీలు పెట్టుకోవచ్చు, పనివాళ్ళు సంఘాలు కట్టుకోవచ్చు. రాజులకి కోళ్ళూ జున్నూ కట్టడం ఇక ఉండదు.

రెమెయి కాదనే వేస్తానని ఊరందరికీ చాటింది. ముప్ఫై ఏళ్ళు రాజుగారి పుంజులు పెంచిన మనిషి ఇంకేం వేస్తుంది? ఆ పొద్దున బల్ల మీద రెండు చీటీలు పెట్టి, కాదన్నది ఏదో చూసి ఇమ్మని కోడలిని అడిగింది. ఇదలీనా చదివి, కాదన్న చీటీ తీసి ఆమె కుడిచేతిలో పెట్టింది.

"నువ్వు రెండోది ఇచ్చినా నాకు తెలిసేది కాదుగా?" అంది రెమెయి.

"తెలిసేది కాదు. అందుకే ఇవ్వలేదు."

రెమెయి ఆ చీటీని కోటు కుడిజేబులో పెట్టుకుంది. తర్వాత, నీకు ఓటుంటే ఏం వేద్దువని అడిగింది. అవునని వేద్దును అంది ఇదలీనా. హోటల్లో బట్టలుతికే పన్నెండుమందిమి కలిసి సెలవు అడగడానికి కూడా ఇన్నాళ్ళూ భయపడ్డామంది. అలా వేస్తే మీ చిన్నగూడు ఖాళీ అయిపోతుందని కూడా తనే గుర్తు చేసింది. రెమెయి బల్ల మీది రెండో చీటీని కూడా తడిమి తీసి ఎడమజేబులో వేసుకుంది.

పంచాయతీ భవనం దాకా ఇదలీనా అత్తని చెయ్యి పట్టుకుని నడిపించింది. గుమ్మం దగ్గర సదుర్ని ఉన్నాడు. ఓటు లేనివాళ్ళు బయటే ఉండాలన్నాడు. అది రూలే, అతని తప్పు కాదు. ఇదలీనా గోడ పక్కకి వెళ్ళి, తనలాంటివాళ్ళ మధ్య నిలబడింది. అక్కడ చాలామందే ఉన్నారు. రెమెయి గుమ్మం పట్టుకుని, బల్ల పట్టుకుని, ఒక్కత్తే తడుముకుంటూ వెళ్ళింది. కోటు కుడిజేబులో ఒక చీటీ, ఎడమజేబులో ఒక చీటీ ఉన్నాయి. ఎడమజేబులోది తీసి పెట్టెలో వేసింది.

బయటికి వచ్చాక కోడలి చెయ్యి కోసం గాలిలో వెతికింది. ఇదలీనా వచ్చి పట్టుకుంది.

"నీ ఓటు వేసొచ్చాను, పద," అంది రెమెయి. కుడిజేబులో మిగిలిన చీటీ తీసి కోడలి చేతిలో పెట్టింది. ఇదలీనా విప్పి చూసుకుంది. అది కాదన్న చీటీయే.