కై నీట్టే మనిషి

కాగితంలో ఉన్నది ఆరు లైన్లే. అయిదు లైన్లు బాగుండాయి. ఆరో లైను దగ్గరే నా ప్రాణం చిక్కుకునింది.

సోమవారం నుంచి నేను పనికి పోవాల. తిరువళ్ళూరులో మేముండే వీధికి నాలుగు సందులు అవతల కొత్తగా కుట్టు సెంటరు పెట్టినారు. రవికలు, పిల్లోళ్ళ గౌన్లు కుట్టి మద్రాసుకు పంపే చోటు. మేస్త్రీ నా కుట్టు చూసి తల ఊపినాడు గానీ, "సోమవారం రాలేదంటే ఇంకొకరిని పెట్టుకుంటాము" అని అప్పుడే చెప్పేసినాడు. నా బిడ్డ కోదండానికి పది నెలలు. మా అమ్మ ఆర్.కె.పేటలో మగ్గం విడిచి రాలేదు. అత్త పోయి మూడేండ్లు. మా బావ దేవరాజులు, అంటే నా మొగుడే, కడంబత్తూరులో ఎరువుల అంగట్లో గుమాస్తా. మేనత్త కొడుకు కాబట్టి పెండ్లయినా బావ అనే పిలుపు పోలేదు.

అందుకని బిడ్డను చూసుకునే ఆయా కావాల్సి వచ్చింది. పక్క పోర్షను గోవిందమ్మక్క బుధవారం ఒక మనిషిని పిలుచుకొచ్చింది. పేరు రాజామణి. యాభై దాటుంటాయి. ఎండిన చింతబరికె మాదిరి ఉంది. అరవం మనిషి. మన తెలుగు అర్థమవుతాది గానీ బదులు అరవంలోనే చెప్తాది. తిరుత్తణిలో దండపాణి సారని, రిటైరయిన హెడ్‌మాస్టరు, ఆయన మనవరాలిని పుట్టినప్పటి నుంచి నాలుగేండ్లు ఈమే పెంచిందంట. కొంగుముడి విప్పి, మడతలు మడతలుగా ఉన్న కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

"సారు రాసిచ్చినాడు. చదువుకోమ్మా. శనివారం వచ్చి కనుక్కుంటాను" అని అరవంలో చెప్పి వెళ్ళిపోయింది.

చదువుకోమని చెప్పేస్తే సరా? నేను చదివింది తెలుగు బడిలో, అదీ ఆరో తరగతి సగం దాకా. అరవం మాటలు నోట్లో ఎన్నయినా ఆడతాయి. అక్షరాలు మాత్రం బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నవే. ఒక్కొక్క అక్షరాన్ని వేలితో పట్టుకొని కూడబలుక్కున్నాను. గుణం బంగారం. బిడ్డంటే ప్రాణం. శుభ్రంగా ఉంటుంది. టయానికి వస్తుంది. అబద్ధం చెప్పదు. చివర్లో, "ఆనాల్ కొంజం కై నీట్టువాళ్."

అయితే కొంచెం చెయ్యి చాస్తాది.

నేను మన మాటలోకి తిప్పుకున్నాను. చెయ్యి చాస్తాదంటే అడుక్కుంటాదనే గదా. పాత చీరియ్యి, రెండు గుప్పెళ్ళు బియ్యమియ్యి అని అడిగే రకమేమో. దానికేం, పేదమనిషి అడగదా అనుకొని కొంచెం నిమ్మళపడినాను.

బావ వచ్చినాక చూపించినాను. ఆయనకు అరవం బాగా వచ్చు, అంగట్లో చీటీలన్నీ అరవంలోనే. చదివి మొహం ముడుచుకున్నాడు.

"ఏమే, అడుక్కునేదని ఎవురు చెప్పినారు నీకు? చేతివాటం అని రాసుండాడు సారు. దొంగబుద్ధి. మా అంగట్లో మూటలెత్తే ఒకణ్ణి ఇదే మాట చెప్పి పంపేసినారు."

"దొంగయితే బంగారం గుణమని ఎట్ల రాస్తాడు బావా?"

"నన్నడిగితే? నువ్వే పో, ఆ సారునే అడుగు."

నాకు నిద్ర పట్టలా. పొద్దున్నే గోవిందమ్మక్కను పట్టుకున్నాను. ఆమె పంపు దగ్గర బిందె తోముతా ఉంది. ఆ మాట వినగానే పకపకా నవ్వింది.

"మీ ఇద్దరికీ అరవం రాదు పో. కై నీట్టేదంటే కొట్టేది. 'ఎన్ మేలే కై నీట్టాదే' అంటారు గదా సినిమాల్లో, నా మీద చెయ్యెత్తొద్దని. అదే."

"అక్కా! నువ్వే గదా పిలుచుకొచ్చింది ఆమెను!"

"నేను పిలుచుకొచ్చినాను గానీ, నేనేమన్నా కడుపులో దూరి చూసినానా? కొట్టనీలే, నిన్నూ నన్నూ కొట్టకుండానే పెంచినారా?"

ఆమె బిందె ఎత్తుకొని పోయింది. నేనాడనే నిలబడిపోయినాను. ఒకే మాట. నాకు అడుక్కునేదయింది, బావకు దొంగయింది, అక్కకు కొట్టేదయింది. అడుక్కుంటే ఇస్తాను. దొంగిలిస్తే పెట్టెకు బీగం వేస్తాను. కొడితే? పది నెలల బిడ్డ ఎవురితో చెప్పుకుంటాడు? నేను మిషను తొక్కతా ఉంటే, నాలుగు సందుల అవతల వాడి ఏడుపు నాకు వినిపిస్తాదా?

శుక్రవారం బిడ్డను చంకనేసుకొని తిరుత్తణి బస్సెక్కినాను.

దండపాణి సారు ఇల్లు కొండ కింద, మెట్లకు పోయే దోవలో ఉంది. సారు పంచె, పైన తుండు, నుదుటన విబూది. తిన్నె మీద కూర్చొని పేపరు చదువుతా ఉన్నాడు. ఆయన కోడలు నాకు చెంబుతో నీళ్ళిచ్చి తలుపు వెనకాల నిలబడింది. నేను కాగితం విప్పి చూపించినాను. తెలుగువాళ్ళని తెలిసి సారు తెలుగులోనే మాట్లాడినాడు, పుస్తకంలో మాదిరి.

"అది నా చేవ్రాలే. నేను రాసినది సత్యం."

"సత్యమే సార్. నాకు ఆఖరి లైను అర్థం కాలా. ఆమె దొంగతనం చేస్తాదా?"

"చీ చీ! నా పూజగది తాళంచెవి నాలుగేండ్లు ఆమె దగ్గరే ఉండినది."

"అడుక్కుంటాదా?"

"పెట్టినా తీసుకోదు."

"బిడ్డను కొడతాదా సార్?"

"బిడ్డ మీద చీమను కూడా వాలనివ్వదు."

"మరి చెయ్యి నీట్టేది ఎవురి మీద సార్?"

సారు పేపరు మడిచినాడు. కళ్ళద్దాలు తీసి తుడిచినాడు. లోపల గదిలో ఎవరో మొగమనిషి గట్టిగా దగ్గినాడు. సారు లేచి నిలబడినాడు.

"ఒక హెడ్‌మాస్టరు దగ్గర సర్టిఫికెట్టు అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయవలె. రాసినాను. దానికి వ్యాఖ్యానం అడగరాదు. పూజకు వేళయినది."

లోపలికి వెళ్ళిపోయినాడు. దొంగ కాదు, అడుక్కోదు, బిడ్డను కొట్టదు. అన్నీ మంచివే. అయినా నాకు ముందుకన్నా ఎక్కువ తికమకయింది. నేను గేటు దాకా వచ్చినానో లేదో, సారు మనవరాలు పరిగెత్తుకుంటా వచ్చింది. అయిదేండ్ల పిల్ల. రెండు జడలు, ముందర ఒక పన్ను లేదు. పేరడిగితే వళ్ళి అనింది.

"రాజామణి ఆయా మీ ఇంట్లో ఉందా?" అని అడిగింది.

"ఇంకా లేదమ్మా. ఆయా మంచిదా?"

"ఊఁ."

"కొడతాదా?"

"ఊఁ!" అని కళ్ళు పెద్దవి చేసుకొని నవ్వింది.

"నిన్నా?"

"నన్ను కాదు. నాయనను!"

అంతలో సారు కోడలు వెనకనుంచి వచ్చి పిల్ల నోరు మూసేసింది. ఇంటి తట్టు ఒకసారి చూసి, గేటు వేసి, నాతో రెండడుగులు వీధిలోకి వచ్చింది.

"ఆయనకు కోపం జాస్తి. బిడ్డ ఇంకు ఒలకబోసిందని చెవి మెలిపెట్టి ఎత్తినాడు. ఆయా వచ్చి ఆయన చెంపమీద ఒకటిచ్చింది. నడింట్లో, మామ కండ్ల ముందర. ఆ పూటే పంపేసినారు."

"మరి సారు కాగితం..."

"నేనే రాయమన్నాను. కాగితం లేకపోతే ఆమెను ఎవురు పెట్టుకుంటారు? కొడుకును పనిమనిషి కొట్టిందని రాసేదానికి మామకు సిగ్గు. రాయకపోతే అబద్ధమయిపోతాదని భయం. అందుకని ఆ ఒక్క లైను అట్ల పెట్టినాడు." పిల్ల జడ సరిచేసి మళ్ళా అనింది: "పెట్టుకో చెల్లీ. నాకు నోరుంటే నేనే మళ్ళా పిలిపిస్తును."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బిడ్డ నిద్రపోయినాడు. నేను సంతోషపడాల గదా. వచ్చిన పని అయింది. సమాధానం దొరికింది. అయినా నాకు ఏమీ తెల్లంగా కనిపించలా. పనిచేసే ఇంట్లో మొగమనిషి చెంప పగలగొట్టిన మనిషిని నేనే పోయి ఇంట్లో పెట్టుకోవాలనా? బావకు ఏం చెప్పాల? బావ చెయ్యెత్తే మనిషి కాదు. మరి మా ఇంట్లో చెయ్యెత్తేది ఎవురు? ఆ మాట అంతకంటే లోపలికి పోనీకుండా కిటికీలోకి చూస్తా కూర్చున్నాను.

ఇంటికి వచ్చినాక, "సారు పొరపాటుగా రాసినాడంట, దొంగ కాదు" అని మాత్రం బావకు చెప్పినాను. ఆయన "నీ ఇష్టం" అన్నాడు.

శనివారం రాజామణి వచ్చింది. గడపలోనే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలా.

"తిరుత్తణి పోయొచ్చినావంట" అనింది.

"పోయొచ్చినాను. అంతా కనుక్కున్నాను."

"నేను కూడా కనుక్కున్నాను" అనింది. "నిన్న నువ్వు లేనప్పుడు వీధిలో నాలుగిండ్లు అడిగినాను."

"ఏమని?"

"నీ గురించి."

పక్క గోడకవతల గోవిందమ్మక్క కొళాయి టక్కున ఆగిపోయింది. నాకు ఒళ్ళంతా వేడెక్కింది. ఆయాలు వేలమంది దొరుకుతారు, నా గురించి అడిగేదానికి ఈమెవురు అని నోటిదాకా వచ్చింది. కానీ ఆమె నా మొహంలోకే చూస్తా ఉంది, కోపంగా కాదు, రోగిని అడిగే డాక్టరు మాదిరి.

"బిడ్డ ఏడిస్తే నువ్వు కొడతావంట గదా?"

లేదని చెప్పొచ్చు. గోవిందమ్మక్కకు చాడీలు చెప్పే అలవాటుందని చెప్పొచ్చు. బిడ్డ నా కొంగు పట్టుకొని లాగతా ఉన్నాడు.

"రెండు తూర్లు" అన్నాను. "తొడ మీద. ఎంతకీ ఊరుకోలా. రాత్రంతా నిద్ర లేదు నాకు. కొట్టినాక నేనూ ఏడ్చినాను."

ఇంక వెళ్ళిపోతాదనుకున్నాను. సోమవారం మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకుంటాడు, అయిపోయింది అనుకున్నాను. ఆమె తిట్టలా. పోనీలే అని ఓదార్చనూ లేదు.

"ఏ ఏళకు ఏడుస్తాడు?" అని అడిగింది.

"సాయంత్రం. దీపం పెట్టే ఏళకు మొదలుపెడితే ఎనిమిదయినా ఆపడు."

"పనినుంచి నువ్వొచ్చేది?"

"ఆరుకు."

"ఆరుకు నేను పోను. ఎనిమిది దాకా ఉంటాను. జీతం అదే చాలు" అని చెప్పి, చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చింది. బిడ్డ ఉగ్గుగిన్నె యాడుందని అడిగింది.

ఆ రెండు గంటలు నాకు తోడుగా ఉంటాదో, నా మీద కాపలాగా ఉంటాదో నాకు తెలియలా. అడగాలనుకున్నాను. దానికి ఏ మాట వాడాలో, తెలుగులో గానీ అరవంలో గానీ, నాకు దొరకలా.

"అలమరలో, పై అరలో ఉంది ఆయా" అన్నాను.